బ్రష్షుల ఫ్యాక్టరీ వీరుడు

నగరి, 3-6-1997

పోరాటాల పాతకాపు గురప్ప మామకు, మేనల్లుడు మునిచంద్ర పిడికిలెత్తి పెట్టే నమస్కారం!

మామా, మూతబడిన బ్రష్షుల ఫ్యాక్టరీ షెడ్డును ఓనరు వెంకటముని ఈ నెలాఖరులో పడగొట్టిస్తాడంట! లారీలు నిలపడానికంట! ఆడ చదువుకునే గది పెట్టాలని మా యువజన సంఘం కాళ్లరిగేలా తిరిగింది. ఇంక ఊరుకోను. ఓనరు కుట్ర చేసి ఫ్యాక్టరీని మూసిన చరిత్ర రాసి ఊరిని లేపుతా!

పాత ఫొటో ఒకటి దొరికింది. గేటు ముందర కార్మికులంతా నున్నగా గుండ్లు కొట్టించుకోని నిలబడుండారు. ఆహా, ఏం నిరసన! నడిమధ్యన ఒకడు పిడికిలెత్తి అరస్తా ఉండాడు. ఎవరా వీరుడు? నువ్వు ఆడ పనిచేసినోడివి, వెంటనే రాయి.

ఉడుకు నెత్తురుతో,
మునిచంద్ర

తా.క.: నీ జవాబు కోసం కాచుకోలేదు. కరపత్రం అచ్చుకిచ్చేసినా.

సూళ్లూరుపేట, 9-6-1997

చిరంజీవి మునిచంద్రకు మామ దీవెనలు.

నిరసనా లేదు, నీ తలకాయా లేదు. మేం కట్టింది పంది వెంట్రుకల బ్రష్షులు. గోవిందుడి నెల పెరటాసిలో నీసే ముట్టనోళ్లం, పంది వెంట్రుకలు యాడ ముట్టేది? అందుకే ఏటా ఆ నెలంతా ఫ్యాక్టరీకి తాళం. అందరం కొండకు నడిచిపోయి, గుండ్లు కొట్టించుకోనొచ్చి మళ్లా తెరిచేవాళ్లం. ఆ ఫొటో అప్పటిది. అరిచేది "గోవిందా" అని! ఫ్యాక్టరీ మూతబడింది కుట్రతో కాదబ్బా, ప్లాస్టిక్ బ్రష్షులొచ్చి. నడిమధ్యోడెవరో ఫొటో పంపితే చెప్తా. కరపత్రం ఆపు.

నీ మేలు కోరే
గురప్ప

తా.క.: నీ గుండు ఫొటో గూడా మా ఇంట్లో ఉండాది. ఏడాది పిల్లోడివి, ఎంత నిరసన తెలిపినావో మీ అమ్మనడుగు.

నగరి, 14-6-1997

భయపడే మామకు, భయపడని అల్లుడు రాసేది.

ఓనరు భయం నీకింకా పోలేదు! గోవిందా అనేటోడు దండం పెడతాడు గానీ పిడికిలెత్తుతాడా? కరపత్రాలు ఊరంతా పంచేసినాం. వీరుడి బొమ్మ పెద్ద గుడ్డ మీద వేయించి, ఫ్యాక్టరీ గేటుకు కట్టి, చామంతి దండ వేసినాం. కింద "ఓనరును గడగడలాడించిన అమర కార్మికుడు" అని రాయించినాం. ఆ బొమ్మను దాటి వెంకటముని షెడ్డెట్ల పడగొడతాడో చూస్తా! ఫొటో పంపుతుండా. పేరు రాయి. చోటు ఖాళీగా పెట్టినాం.

తల వంచని,
మునిచంద్ర

తా.క.: బొమ్మకు మీసం పెయింటరు సుబ్రమణ్యం చలవ. మీసం లేని వీరుణ్ణి చూస్తే జనం లేవరంట.

సూళ్లూరుపేట, 20-6-1997

ఒరే అల్లుడా, దీవెనలు తరవాత.

ఫొటో చూసి నవ్వాపుకోలేక పొలమారితే మీ అత్త నీళ్లు తాపింది. నడిమధ్యోడు వెంకటమునే! గుండు కొట్టించి పంచె కడితే ఓనరెవరో కూలోడెవరో ఎట్ల తెలుస్తుంది? ఆ పిడికిట్లో ఉండేది ఫ్యాక్టరీ తాళంచెవి! ముందు ఆ దండ తీసెయ్, బతికుండే మనిషికి!

మామ

తా.క.: పేరు మాత్రం రాయొద్దు.

నగరి, 24-6-1997

మామా!

నీ జాబు రాకముందే అంతా అయిపోయింది. వెంకటముని గడ్డపారలోళ్లను పిలుచుకొనొచ్చినాడు. మేం గేటుకు అడ్డంగా పడుకున్నాం. ఆయన బొమ్మను చూసి, కింద రాసిన 'కార్మికుడు' అనే మాటను వేలితో తడిమినాడు. ఆయన పెండ్లాం పంకజాక్షమ్మ మాత్రం "నా మొగుడు బతికుండగా దండేసింది ఏ సచ్చినోడురా?" అని దండ పీకి నా మొహాన కొట్టింది. అప్పుడర్థమైంది. లేసి పరిగెత్తబోతే వెంకటముని చెయ్యి పట్టుకున్నాడు.

"మా నాయన ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఆయన కాడ మొదట బ్రష్షులు కట్టింది నేనే అప్పా. ఓనరైనాక నన్ను కార్మికుడని ఒక్కడూ అన్లేదు," అని కండ్లు తుడుచుకున్నాడు. గడ్డపారలను పంపించేసి, తాళంచెవి నా చేతిలో పెట్టినాడు. షెడ్డు మాదే మామా! షరతు ఒక్కటే: "అమర" చెరిపేయాల, బొమ్మ ఉండాల.

ఓనరు బొమ్మ కింద చదువుకునేదా అని సంఘం రెండుగా చీలింది. ఒక చీలిక లోపల చదువుతుండాది, ఇంకోటి అరుగు మీద.

అరుగు మీది నుంచి,
మునిచంద్ర

తా.క.: బొమ్మకు సరిపోవాలని వెంకటముని మీసం పెంచుతుండాడు.