అందరూ ఎక్కారు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి నేనూ మిరప కోతలకి వెళ్తున్నాను. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఇంట్లో కూర్చుని అవే పుస్తకాలు తిరగేస్తుంటే పిచ్చెక్కేలా ఉంది. అమ్మే ముఠా మేస్త్రి కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. పుల్లమ్మ ముఠా అంటే వినుకొండ చుట్టుపక్కల రైతులందరికీ నమ్మకం. చేను గుత్తకి ఒప్పుకుందంటే చెప్పిన రోజుకి కోసి కల్లంలో పోయించేస్తుంది.

చేతులు మండుతున్నాయి. కొబ్బరినూనె రాసినా తగ్గలేదు. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. బీఎడ్ చదివిన పిల్ల కోత ఎట్లా ఉందో చూడండి అని ఎలీసమ్మ అత్త అందరినీ నవ్వించింది. నేనూ నవ్వాను. సాయంత్రం ఆటో వెనక ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం ఇరుక్కుని వస్తుంటే హాయిగా అనిపించింది. చాలాకాలంగా నేను ఎవరితోనూ ఇట్లా కలిసి లేను.

ఫిబ్రవరి 6

ఖాదర్‌బీ అత్త ముఠాలో కొత్త. మసీదు బజారు నుంచి వస్తుంది. నలభై దాటి ఉంటాయి. తక్కువ మాట్లాడుతుంది. సాలు మధ్యలో వదిలేసి పక్కనున్న పత్తి చేలోకి వెళ్తుంది. ఎప్పటికో వస్తుంది. కాసేపు కోసి మళ్ళీ వెళ్తుంది. గుత్త పని కదా, ఆమె సాలు మిగిలిపోతే మిగతావాళ్ళం పూర్తిచేయాలి. కూలి మాత్రం అందరికీ సమానం.

పని తప్పించుకునే రకమని ఎలీసమ్మ అత్త తేల్చేసింది. అలవాటైన ఒళ్ళు కాదంది రెబ్కా. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అందరికీ అనుమతిలా పనిచేసింది.

మొన్న నాకు కడుపు నొప్పి వచ్చి రెండు గంటలు చెట్టు కింద పడుకున్నాను. పాపం, పిల్లకి ఎండ అలవాటు లేదు అన్నారు. మజ్జిగ కూడా ఇచ్చారు.

ఫిబ్రవరి 8

పత్తి చేలోంచి ఖాదర్‌బీ అత్త వస్తుంటే, "మహారాణిగారు వచ్చారు, దారివ్వండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ముఠాలో చేరినట్టయింది.

ఫిబ్రవరి 10

కోచింగ్ సెంటర్ వాళ్ళ ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాశాను. సైకాలజీలో మంచి మార్కులు. ఒక ప్రశ్న: ఎదుటివారి తప్పుకి వారి స్వభావాన్ని, మన తప్పుకి పరిస్థితుల్ని కారణంగా చూపించడాన్ని ఏమంటారు? చూడగానే టిక్ పెట్టేశాను. కరెక్ట్.

ఫిబ్రవరి 12

ఇవాళ ఖాదర్‌బీ అత్త నా పక్క సాలే. కాస్త నా సాలు చూస్తావా అమ్మా అని మెల్లగా అడిగింది. నేను తలెత్తకపోతే ఇంకా దగ్గరికి వచ్చి చెప్పింది. నెల రోజులుగా బ్లీడింగ్ ఆగడం లేదట. గుడ్డలు మార్చుకోవడానికే పత్తి చేలోకి వెళ్తోందట. కోతలు అయ్యాక గుంటూరు వెళ్ళి చూపించుకుంటుందట.

నేను చేసిన మొదటి పని ఎలీసమ్మ అత్త వైపు చూడటం. ఆమె మమ్మల్నే చూస్తోంది. "అమ్మనడగండి" అని చెప్పి గబగబా ముందుకు కోసుకుంటూ పోయాను. ఆమె అమ్మని అడగలేదు.

ఆటోలో మళ్ళీ ఆమె మాటే వచ్చింది. నేను చెప్పి ఉండాల్సింది. అక్కడున్న వాళ్ళంతా ఆడవాళ్ళే, ఒక్క మాటతో అర్థమయ్యేది. కానీ ఆమెతో నీకేంటి అంత స్నేహం అని అంటారేమోనని ఊరుకున్నాను. నిజానికి అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఫిబ్రవరి 14, రాత్రి ఏడు

వెంకటనారాయణగారి చేను అయిపోయింది. అందరం అలిసిపోయాం. ఖాదర్‌బీ అత్త సాలు సగం మాకే పడింది. ఆటో వచ్చేసరికి ఆమె లేదు. ఆమె టిఫిన్ సంచి గట్టు మీదే ఉంది. అందరం చూశాం.

వదిలేసి పోదాం, ఒక్కరోజు నడిచి వస్తే బుద్ధొస్తుందని ఎలీసమ్మ అత్త అంది. ఎవరూ సరేననలేదు, వద్దనీ అనలేదు. అందరం ఎక్కి సర్దుకున్నాం. ఆటోకి వెనక పట్టా కట్టి ఉంటుంది, డ్రైవర్‌కి మేము కనపడం.

ఆటో తోలే యలమంద బాబాయ్ ముందు నుంచే అడిగాడు. "అందరూ ఎక్కారా?"

ఎవరూ పలకలేదు. అమ్మ చీర కొంగు సర్దుకుంటోంది. రెబ్కా పట్టా వైపు చూస్తోంది. ఒక్క క్షణం ఇంకా ఆగితే ఎవరో ఒకరు లేదని చెప్పేవారేమో. నేను ఆగలేదు.

"ఎక్కారు బాబాయ్, పోనియ్."

నన్నెవరూ చెప్పమనలేదు. ఎలీసమ్మ అత్త నా బుగ్గ గిల్లింది. దారంతా నవ్వుకుంటూ వచ్చాం.

ఫిబ్రవరి 15

మోటారు ఆపడానికి వెళ్ళిన వెంకటనారాయణగారికి పత్తి కట్టెల మధ్య ఖాదర్‌బీ అత్త స్పృహ లేకుండా కనిపించిందట. కారులో వినుకొండ తీసుకెళ్తే, మా వల్ల కాదని అక్కడి డాక్టర్లు గుంటూరు పంపించారట. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారట.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చి అయ్యాక ఆడవాళ్ళంతా గోడ నీడలో నిలబడ్డారు. ఖాదర్‌బీ తన తమ్ముడి బండెక్కి పోయిందనుకున్నామని ఎలీసమ్మ అత్త అంది. అది ఆమె అనుకున్న మాట కూడా కాదు, అప్పటికప్పుడు పుట్టింది. కాసేపటికి రెబ్కా తానూ బండి చప్పుడు విన్నానంది. ఇంకొకామె బండి రంగు చెప్పింది. ఎర్రదట. ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేరు. ఒకరి మాటని ఇంకొకరు పట్టుకుని పైకి వస్తున్నారు, అంతే. నిజం చెప్పాలంటే మధ్యాహ్నానికి నాకు కూడా గట్టు మీద ఎర్ర బండి కనిపించసాగింది.

మరి ఆటో అతను చూసుకోవద్దా అని ఎవరో అన్నారు. అందరూ అవునన్నారు.

ఫిబ్రవరి 18

యలమంద బాబాయ్‌ని సెంటర్లో అందరి ముందూ వెంకటనారాయణగారు తిట్టారట. మనుషుల్ని లెక్క చూసుకోకుండా తోలుకెళ్ళే వాడివి నువ్వేం డ్రైవర్‌వి అని. మిగతా ముఠాలు కూడా వేరే ఆటో మాట్లాడుకున్నాయి.

సాయంత్రం బాబాయ్ మా ఇంటికొచ్చాడు. "నేనడిగితే వెనక నుంచి ఎక్కారని ఎవరో చెప్పారు పుల్లమ్మక్కా, ఆడగొంతు, ఎవరో తెలిస్తే నా మాట నిలబడుతుంది" అన్నాడు. ఎవరూ చెప్పలేదు, నీకట్లా వినిపించి ఉంటుంది అంది అమ్మ. నేను వాళ్ళకి రెండడుగుల దూరంలో గిన్నెలు తోముతున్నాను. నీళ్ళ చప్పుడు ఎక్కువ చేశాను.

అతను వెళ్ళాక అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఫిబ్రవరి 21

మెటీరియల్ కొనుక్కోవాలని చెప్పి గుంటూరు ఆసుపత్రికి వెళ్ళాను. ఖాదర్‌బీ అత్తకి గర్భసంచి తీసేశారట. చాలా రక్తం ఎక్కించారట. ప్రాణగండం గడిచిందని నర్సు చెప్పింది. మంచం మీద ఖాదర్‌బీ అత్త మొహం కాగితంలా ఉంది. బత్తాయిలు పక్కన పెట్టి, అట్లా జరుగుతుందని ఎవరం అనుకోలేదు అత్తా అన్నాను. 'ఎవరం' అన్నాను. 'నేను' అని మాత్రం అనలేదు.

ఆమె ఫ్యాన్ వైపే చూస్తూ మాట్లాడింది.

"ఎక్కారు అన్న గొంతు నీదే గదమ్మా" అంది. "గట్టు అవతలే పడున్నా. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. మీరు నవ్వుకోవడం కూడా వినపడింది."

వాళ్ళంతా ఊరుకుంటే నేను, అని మొదలుపెట్టాను.

"వాళ్ళకి తెలవదు. నీకు చెప్పాను."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. బస్‌స్టాండ్ దాకా ఎట్లా నడిచానో గుర్తులేదు. ఇన్నాళ్ళూ ముఠా అంటే నేను కాక మిగతావాళ్ళు అనుకున్నాను. ఎలీసమ్మ అత్త మొరటుది, రెబ్కా పిరికిది, అమ్మ గట్టిది. నేనొక్కదాన్నే పరిస్థితుల వల్ల అట్లా చేశానట.

ఫిబ్రవరి 23, ఆదివారం

స్త్రీల సమాజం ప్రార్థనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరమ్మ అడిగినప్పుడు లేచాను. బండి ఏదీ రాలేదని చెప్పాను. సంచి చూశామని చెప్పాను. ఎక్కారని చెప్పింది నేనేనని, ఆమె జబ్బు సంగతి నాకు ముందే తెలుసని చెప్పాను. మిగతావాళ్ళ పేర్లు ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరూ తలలు దించుకున్నారు, తర్వాత ఒక్కసారే ఎత్తారు.

గవర్నమెంటు ఉద్యోగం రాబోతోంది కదా, మంచిపేరు కావాలని అంది ఎలీసమ్మ అత్త. చదువు తలకెక్కిందంది రెబ్కా. ముందు నుంచీ అంతే, మనతో కలిసే పిల్ల కాదు అని ఇంకొకరు. నేనెట్లాంటి దాన్నో తేల్చడానికి వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు. వింటుంటే ఆ పద్ధతి నాకు బాగా తెలిసిందే అనిపించింది.

ఇంటికొచ్చాక అమ్మ ఒకే మాట అంది. "నన్ను కూడా అందులో నిలబెట్టావు."

నిలబెట్టాను. ఆటోలో అమ్మ నోరు విప్పి ఉంటే బాగుండునని నేనంటే, నీ నోరు ఎవరు విప్పమన్నారని ఆమె అడగగలదు.

ఆ సాయంత్రమే యలమంద బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆ గొంతు నాది అన్నాను. బాబాయ్ తిట్టలేదు. దిగి ఒకసారి వెనక్కి చూస్తే పోయేది, నాకూ ఇంటికి పోయే తొందర అన్నాడు. వెంకటనారాయణగారికి నేనే చెప్తానంటే రేపు రమ్మన్నాడు.

ఫిబ్రవరి 24

వెంకటనారాయణగారికి చెప్పాను. విన్నారు. బాబాయ్‌ని మళ్ళీ పిలుస్తానన్నారు. నన్ను మాత్రం తమ చేలోకి రావద్దన్నారు.

ఫిబ్రవరి 26

ఇవాళ ముఠాలోకి రావద్దని అమ్మ చెప్పలేదు. నాకు అన్నం గిన్నె మాత్రం కట్టలేదు.

మార్చి 11

ఖాదర్‌బీ అత్త ఇంటికొచ్చిందని విని మసీదు బజారు వెళ్ళాను. గుమ్మంలో మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసింది. మళ్ళీ గింజ తీయడంలో పడింది. కూర్చోమనలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఎండలో నిలబడ్డాను. లోపల ఎవరో తలుపు మూయబోతే, ఉండనీయ్ అంది. ఆ మాట నా గురించో, తలుపు గురించో తెలియలేదు.