చల్లటి బిళ్ళ

అక్కకి,

నీ తమ్ముడు నమస్కారం పెట్టి రాసేది. ఇక్కడ నేనూ నీ మరదలూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయబోయి కలం ఆపేశాను. బావ పోయి నెల తిరగలేదు, ఏం క్షేమం? ఆ ముక్క నువ్వే నింపుకో.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవన్నీ వరసగా చెప్తాను. నా మోకాలి నొప్పి ఎప్పుడో తగ్గింది. కుంటడం మాత్రం మానలేదు, ఎందుకంటే కుంటేవాణ్ణి పెద్దాఫీసర్ల లిఫ్టులో ఎక్కనిస్తున్నారు. నీ మరదలికి కంటి ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్లూ మసకే నయం" అంది. డాక్టరు కూడా నవ్వాడు, దొంగవెధవ. ఇక బావ పనిముట్ల పెట్టె సంగతి. ఎవరికీ ఇవ్వకు. అడిగితే అంతా తుప్పుపట్టిపోయిందని చెప్పు. ఆయన పానాలకి తుప్పంటే ఊళ్లో ఎవరూ నమ్మరనుకో, అయినా చెప్పు.

నాలుగోది ఒకటి అడిగావు. మీ మెంబరుగారు పరామర్శకొచ్చి, "ఏం చెయ్యనమ్మా, అంబులెన్సు మీద ప్రశ్న వేశాను, చీటీల్లో రాలేదు" అన్నాడనీ, ఆ చీటీలు తీసేవాడెవడో కనుక్కోమనీ, వాణ్ణి ఒక్క మాట అడగాలనీ రాశావు. ఏం మాటో రాయలేదు. వస్తాను, దానికే వస్తాను. నా ఉద్యోగమేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. సభలో మంచినీళ్లు అందిస్తానని మాత్రం తెలుసు నీకు.

పై సర్కారు ఉంది చూడు, యుద్ధాలూ నోట్లూ విమానాలూ తన దగ్గర ఉంచుకుంది. ఆస్పత్రులు, బడులు, కుళాయిలు, మురుగుకాల్వలు, అంటే జనం చేత తిట్లు తినే పనులన్నీ ఇక్కడి సర్కారు మీదికి తోసేసింది. ఆ తిట్లు మర్యాదగా తిట్టే చోటే మా సభ. "గౌరవనీయులైన మంత్రిగారు" అని మొదలుపెట్టి, కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకునే ఆడవాళ్లు కూడా అనని మాటలంటారు.

మంగళవారం గంటసేపు ప్రశ్నలు. మెంబర్లు పంపేవి అరవై డెబ్భై, మంత్రులు లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాల్సింది ఇరవైకే. ఆ ఇరవై ఏవో తేల్చడానికి తీసేవే మీ మెంబరు చెప్పిన చీటీలు. నిజానికి కాగితాలు కావు, ప్రశ్నకొకటి చొప్పున ఇత్తడి బిళ్ళలు, రూపాయంతవి, మీద అంకెలు చెక్కి ఉంటాయి. చెక్కపెట్టె, చెయ్యి పట్టేంత కంత, కంతకి గుడ్డ తొడుగు. రానివాటికి కాగితం మీద జవాబు రాసి సభలో బల్ల మీద పెడతారు. ఆ బల్ల మీంచి కాగితం తీసి చదివినవాణ్ణి ఇన్నేళ్లలో నేను చూడలేదు. ఒకసారి ఒకాయన తీశాడు, కళ్లద్దాలు తుడుచుకోడానికి.

నోటి జవాబుకి ఉన్న బలం వేరు. బిళ్ళ తీశాక పదో రోజున ప్రశ్న. ఈ పది రోజులూ మంత్రి పేషీ నుంచి కింది ఆఫీసులకి ఫోన్లే ఫోన్లు. "అధ్యక్షా, అది బాగుచేయించేశాం" అని ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాలి కదా! మూడేళ్లు మూలపడ్డ పెద్దాస్పత్రి లిఫ్టు, ప్రశ్న బిళ్ళ పడిన నాలుగో రోజుకి తిరిగింది. ఈ కిటుకు బావకి చెప్పింది నేనే.

మీ ఊరి ఆస్పత్రి షెడ్డులో అంబులెన్సు క్లచ్చి ప్లేటు పోయి ఏడు నెలలు పడుంది. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు అదే పని చేసిన మనిషి బావ. "రెండు గంటలివ్వండి, ప్లేటు నేనే తెచ్చుకుంటా" అంటే, "సర్కారు బండి, చెయ్యేస్తే కేసు" అన్నారు. అప్పుడు కదా చెప్పులరిగేలా తిరిగి నూట పదకొండు సంతకాలు పోగేసి మీ మెంబరు చేతిలో పెట్టాడు. మొదటి సంతకం తనదే.

ఇంకో సంగతి నీకు తెలియదు. పోయినేడు మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు బట్టలారేస్తున్నావు, మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

"బావా, పెట్టెలోంచి నాక్కావలసిన బిళ్ళే రావాలంటే ఎట్లా?" అన్నాను.

"వేడి చెయ్యరా. కాస్త దళసరి ఇత్తడి వేడిని ఓ పట్టాన వదలదు. చేతికి కళ్లెందుకు?"

"దొంగపనికి ఇంత చదువా!"

"మీ అక్కని చేసుకున్నాక ఈపాటి చదువు లేకపోతే బతకలేం" అన్నాడు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఏమిటా నవ్వులని నువ్వు అరిచావు కూడా.

చదివావా అక్కా? పెట్టెలో చెయ్యి పెట్టేది నేనే. ఎనిమిదేళ్లుగా నేనే. చీటీలు తీసేవాడెవడని అడిగావుగా, వాడు నీ తమ్ముడే.

బావ చెప్పిన ఉపాయంతో తర్వాత చాలా వేషాలేశాను. టీ ఫ్లాస్కు మూతలో బిళ్ళని కాసేపు ఉంచి, అన్నిటితో పాటు వేసి, వెచ్చటిది పట్టుకునేవాణ్ణి. గొణుగుడు మంత్రికి చెవిటి మెంబరు ప్రశ్న మూడు వారాలు వరసగా తగిలించాను. కాంటీను వాళ్లు నవ్వి నవ్వి పడిపోయారు. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నష్టం లేదనుకోవడం ఎంత సుఖమో!

బావ అర్జీ ఇచ్చి వచ్చిన రోజు ఫోను చేశాడు. "మీ బిళ్ళ కాచి తీస్తాలే బావా" అన్నాను. ఆయనెప్పుడూ నాతో అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

"వద్దురా బామ్మర్దీ. మనది న్యాయమైన ప్రశ్న. దానంతటదే రానీ."

దానంతటదే వచ్చిందక్కా.

ఆ వారం ఒక మెంబరు సర్కారు తోట చెరువులో బాతులెన్నని ప్రశ్న పంపాడు. తోటల మంత్రి ఉన్నాడే, అద్దం చూసుకోకుండా గది దాటని మనిషి. ఆయన లేచి బాతుల లెక్క చెప్తుంటే చూడాలని నాకు దురద పుట్టింది. అదీ మొట్టమొదటి ప్రశ్నగా. టైపిస్టు దగ్గరికెళ్లి బాతుల నంబరెంతని అడిగాను. పన్నెండంది. పన్నెండు కాచాను. మీ నంబరెంతని అడగలేదు. అదే బల్ల, అదే కాగితం, ఒక్క మాట. అడగలేదు.

చెయ్యి పెట్టి వెతుకుతుంటే సెక్షనాఫీసరు ఆవులించి, "కానీవయ్యా, చేపలు పడుతున్నావా?" అన్నాడు. కంగారులో ఒకటి పట్టుకుని లాగాను. కంత దాటి సగం బయటికొచ్చాక తెలిసింది, చల్లగా ఉంది. అంకె కూడా కనిపించింది. ముప్పై ఏడు. "అరె, జారింది" అని వేళ్లు వదిలేశాను. "మళ్ళీ తియ్యి" అన్నాడాయన, తలెత్తకుండానే. ఈసారి వెచ్చటిది దొరికింది. మిగతా పంతొమ్మిదీ న్యాయంగానే తీశాను. ముప్పై ఏడు మళ్ళీ రాలేదు. అవన్నీ అయ్యాక జాబితా చూశాను. ముప్పై ఏడు ఎదురుగా మీ ఊరి పేరుంది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చే వారం మళ్ళీ వేస్తారులే అనుకున్నాను. ఒకసారి కాగితం మీద జవాబిచ్చిన ప్రశ్న ఆ సమావేశాల్లో మళ్ళీ వెయ్యకూడదని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను.

ఆ పది రోజుల్లో చెరువు పూడిక తీశారు. గట్టుకి కంచె వేసి రంగు కొట్టారు. మంగళవారం మంత్రి లేచి, "అధ్యక్షా, ఈ ఉదయానికి పదిహేడు" అన్నాడు. సభంతా నవ్వింది. గోడవారగా నిలబడి నేనూ నవ్వాను, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. గంట అయ్యాక ముప్పై ఏడో జవాబు నా చేత్తోనే బల్ల మీద పెట్టాను. "వాహనం సాంకేతిక కారణాల వల్ల నిలిచి ఉన్నది. విడిభాగం విషయం పరిశీలనలో ఉన్నది."

తర్వాత అయిదో రోజు బావ. ఉదయం పదింటికి ఛాతీ పట్టుకుని కూలబడ్డాడనీ, కూరగాయల బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లారనీ, పెద్దాస్పత్రి గేటు కనబడేసరికే అయిపోయిందనీ కర్మకొచ్చినప్పుడే విన్నాను. ఊరి ఆస్పత్రి షెడ్డు ముందు నుంచి బండి పోతుంటే తల తిప్పి అటు చూశాడని మాత్రం ఈ ఉత్తరంలోనే రాశావు. ఆ వాక్యం నీ మరదలు చదివి వినిపించింది. నేను స్నానానికని లేచి వెళ్లిపోయాను.

బావ కర్మ కానిచ్చుకుని వచ్చాక సెక్షనాఫీసరు దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. "ఈసారి ఎవర్ని బుట్టలో వేస్తున్నావురా?" అన్నాడు. కాదండీ, నిజమండీ అంటే పక్క గదిలోవాళ్లని కూడా పిలిచి మళ్ళీ చెప్పించాడు. బతుకంతా వేళాకోళాలాడినవాడి నిజానికి ఇదే మర్యాద. ఇక పెట్టెలో చెయ్యి పెట్టలేనన్నాను, మోకాలి నొప్పని చెప్పి. మోకాలికీ చేతికీ సంబంధమేమిటని ఒక్కడూ అడగలేదు.

వచ్చే నెల నాలుగో తారీఖున ఆరోగ్యశాఖ మీద మెంబర్ల కమిటీ విచారణ ఉంది. అర్జీదారుల్లో ఒకరు వచ్చి మాట్లాడొచ్చు. బావ తరఫున నీ పేరు రాయించాను. అంబులెన్సు ఇంకా షెడ్డులోనే ఉంది కాబట్టి మాట్లాడాల్సింది చాలా ఉంది. లోపల మెంబర్లు ఎందుకు బాగుచెయ్యలేదని అడుగుతారు. డాక్టరు పై ఆఫీసరుని చూపిస్తాడు, ఆయన డైరెక్టరుని, డైరెక్టరు ఫైలుని. చివరికి ఎవడూ దొరకడు. నీకు మాత్రం ఒకడు దొరికాడు. గది తలుపు తీసిపట్టుకుని నిలబడేది నేనే.

ఇదంతా కాగితం మీద జవాబు. కాగితం మీద జవాబు విలువెంతో నాకంటే ఎవరికి తెలుసు? నువ్వు రా అక్కా. ఆ ఒక్క మాటేదో అందరి ముందూ నా మొహం మీదే అడుగు. నిలబడి, నోటితో చెప్తాను.

ఇట్లు,
బావ వద్దన్న పని చేసిన
నీ తమ్ముడు