నీలం గీత కప్పు

కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పింగాణీ కర్మాగారం భోజనశాలలో నా కప్పు వేరుచేయుట, గోడ మీది కాగితం చింపివేయుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను సదరు కర్మాగారంలో మట్టి తొక్కే పనివాడిని. వేరే దేశం నుంచి వచ్చినవాడిని. ఇక్కడివారి కంటే బాగా నలుపు. అందుచేత నా పేరుతో ఎవరికీ పని పడలేదు. "పొగగొట్టం" అంటే పలుకుతున్నాను.

1. టీ కప్పులు అందరికీ కలిపే ఉండగా, నాకు మాత్రం నీలం గీత గీసిన కప్పు ఒకటి ప్రత్యేకముగా కేటాయించబడినది. అందరూ తాగే ఆ కప్పుల మట్టి కూడా నా కాళ్ళతో తొక్కినదేనని విన్నవించుకొనుచున్నాను.

2. నాతో కూర్చుని తినేది బట్టీ కాల్చే అన్న ఒక్కడే. ఆయనది మసీదు, నాది చర్చి. ఒకరోజు తింటూ తింటూ, "తమ్ముడూ, తొలి మనిషిని దేవుడు మట్టితో చేశాడని మా గ్రంథంలో ఉంది. మరి మీ దాంట్లో?" అన్నాడు.

"మా దాంట్లోనూ మట్టే అన్నా."

"ఇంకేం! ఇక్కడ వీళ్ళంతా మసీదుకో చర్చికో పోయేవాళ్ళేగా. రాసి అంటిద్దాం. సిగ్గుపడి నీ కప్పు తీసేస్తారు."

"దేవుడు తొలి మనిషిని మట్టితో చేశాడు. మనందరం ఆ ఒక్కడి పిల్లలమే" అని కాగితం మీద రాసి భోజనశాల గోడకు అంటించాం. రెండింటిలోనూ ఉన్నదే కదా అని ఏ గ్రంథమో రాయలేదు. అదే మేం చేసిన తప్పు.

3. చర్చికి పోయేవారు అది మసీదువారి ప్రచారమనియు, మసీదుకు పోయేవారు అది చర్చివారి ప్రచారమనియు ఫిర్యాదు చేసిరి. మేస్త్రి మమ్మల్ని పిలిచి, "ఎవరిదిరా ఇది?" అన్నాడు. "ఇద్దరిదీ" అన్నాం. "నాతో వేళాకోళమా?" అని కాగితం చింపేశాడు. అన్నను రాత్రి పనికి మార్చేశాడు. ఏనాడూ ఒక్క మాట మీదికి రానివాళ్ళు, నా కప్పు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటయ్యారు.

4. మొన్న ఆదివారం చర్చిలో ఆ వాక్యమే చదివారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నా బెంచీ మీద మాత్రం నేనొక్కడినే.

5. పని మారే వేళ గేటు దగ్గర అన్న కనబడతాడు. "తిన్నావా తమ్ముడూ?" అంటాడు. తిన్నానంటాను. అది అబద్ధం అయ్యా. ఒక్కడినే కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

కావున తమరు దయయుంచి, నీలం గీత కప్పు తీసివేయించి, కాగితం తిరిగి అంటించుటకును, బట్టీ అన్నను పగటి పనికి మార్చుటకును ఉత్తర్వులు ఇప్పించవలెనని ప్రార్థన. నా మనవి చిత్తగించి ఆదుకొందురని ఎదురుచూచుచున్న

తమ విధేయుడు,
మట్టి తొక్కేవాడు

తా.క.: కాగితం సంగతి వదిలేయండి. చదివి మారేవాళ్ళయితే ఆ గ్రంథాలే సరిపోయేవి. అన్నను మాత్రం పగటికి మార్పించండి. అదీ మీ చేతిలో లేదంటే, విచారణకని ఒక్కసారి భోజనాల వేళ రండి. మీకు మంచి కప్పులోనే టీ ఇస్తారు, తీసుకోండి. నా ఎదురుగా కూర్చుని తాగండి, చాలు.