సత్యానికి డెబ్బై అయిదు శాతం హాజరు

ఏప్రిల్ 3, 2005. ఆదివారం. పెనుకొండ. మధ్యాహ్నం 2.00

ఈ రోజు ప్రసంగం గంటా నలభై నిమిషాలు. అంశం: నాలుక. ఏడో తరగతితో బడి మానేసి, మైకు సెట్లు అద్దెకిచ్చుకుని బతికే ఈ జయరాజును దేవుడు నిప్పుకణికలా వాడుకున్నాడు. వాక్యాన్ని సగం చదివి, తమకు కావలసిన ముక్క తుంచుకుని పోయేవాళ్లను చీల్చి చెండాడాను. చివర్లో, ఎవరూ అడగకుండానే, సంఘం ముందు ప్రమాణం చేశాను.

నలభై రోజులు. ఒక్క అబద్ధం లేదు. చిన్నది లేదు, పెద్దది లేదు, మర్యాద కోసం ఆడేది అసలే లేదు. తప్పితే సంఘమే నన్ను నిలదీయవచ్చు.

‘ఆమేన్’ గట్టిగానే వచ్చింది. నా భార్య సరోజమ్మ మాత్రం అనలేదు. దగ్గు వచ్చిందట. మా అమ్మాయి పవిత్ర, నా సభలన్నిటికీ కీబోర్డు వాయించేది ఆమే, ప్రమాణం తర్వాత పాట ఎత్తుకోవడానికి కొంచెం ఆలస్యం చేసింది. అలసట కాబోలు. హిందూపురంలో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం. రోజూ బస్సు.

ఏప్రిల్ 4. సోమవారం. మొదటి రోజు

ఉదయం 8.10. ఎర్రమంచి నుంచి పెండ్లివాళ్లు. “ఈ హారన్ బాగా పలుకుతుందా అన్నా?” “పలకదు. గొంతు చీలిపోయింది” అన్నాను. వేరే అంగడికి పోయారు. స్తోత్రం.

10.30. సంఘంలో పెద్దామె నరసక్క చింతకాయ తొక్కు తెచ్చింది. “ఎట్లుండాది అయ్యగారూ?” “ఉప్పు తప్ప ఏమీ లేదు నరసక్కా.” జాడీ తిరిగి తీసుకుపోయింది.

సాయంత్రం. సరోజమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, ఏదో అడగబోయి, మానుకుని లోపలికి పోయింది.

అబద్ధాలు: సున్న. సత్యం ఇంత తేలిక అని ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 5. మంగళవారం. రెండో రోజు

“రేపు తల్లిదండ్రులను రమ్మన్నారు నాయనా, కాలేజీకి” అన్నది పవిత్ర.

“ఎందుకమ్మా?”

“పోతే వాళ్లే చెప్తారు.”

నాకు తెలుసు ఎందుకో. జనవరిలో ధర్మవరం ఉజ్జీవ సభలకు వేయించిన పోస్టర్లు ఒక కట్ట కాలేజీ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. మంచి మందం కాగితం, ఒకవైపు అచ్చు, వెనక తెలుపు. ఆ విత్తనం ఇప్పుడు మొలిచింది. విద్యార్థులకు నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. మూడు అంశాలు సిద్ధం చేసుకున్నాను. ఇస్త్రీ చొక్కా.

అబద్ధాలు: సున్న.

ఏప్రిల్ 6. బుధవారం. మూడో రోజు. హిందూపురం

11.00. కాలేజీ వరండా. నాలాంటి తండ్రులు పదిమంది. పక్కన ధర్మవరం ఆయన, శ్రీరాములు, పట్టుచీరలు నేసే మనిషి. కొడుకు దినేష్ మా పవిత్ర తరగతే. శ్రీరాములు చేతిలో డాక్టరు సర్టిఫికెట్.

“ఏం జబ్బు చేసెనప్పా పిల్లోనికి?” అని అడిగాను.

“జబ్బేమీ లేదు అయ్యగారూ. పెండ్లిళ్ల కాలం కదా, మగ్గం మీద ఇంకో చెయ్యి కావాల్సొచ్చె. వాణ్ణే కూర్చోబెట్టుకుంటి. ఇప్పుడు అటెండెన్సు తగ్గిందంట. టైఫాయిడ్ అని రాయించుకొస్తి.”

నేను లేచి నిలబడ్డాను. వరండా అంతటికీ వినబడేలా మాట్లాడాను. మైకు అక్కర్లేకపోయింది. దొంగ కాగితం మీద నిలబడిన చదువు ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగాను. కన్నకొడుక్కు లేని రోగం అంటగట్టే తండ్రి తండ్రేనా అని అడిగాను. శ్రీరాములు తల వంచుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక ఆత్మ కదిలింది, కళ్లారా చూశాను.

11.25. నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్లు.

దినేష్: 68.1. పవిత్ర: 66.4.

బస్సులో తిరిగి వస్తూ పవిత్ర ఒక్క మాటే అన్నది. “ధర్మవరం, చెన్నేకొత్తపల్లి, ఓబులదేవరచెరువు. మూడు సభలు, వాటికి ముందు ప్రాక్టీసు. జనవరిలోనే లెటరు రాసి తెస్తి, సంతకం పెట్టు నాయనా, ముందుగా ఇస్తే సార్‌వాళ్లు చూసుకుంటారంటి. నువ్వేమంటివి?”

దేవుని పనికి మనుషుల అనుమతి ఎందుకన్నాను. గుర్తుంది.

సరోజమ్మ గుమ్మంలోనే అడిగింది, ఎందుకు పిలిచినారని. “మామూలు మీటింగే” అన్నాను. అది అబద్ధం కాదు. మీటింగే కదా.

ఏప్రిల్ 7. గురువారం. నాలుగో రోజు

అంగడి మూసి, కాలేజీ నియమాల పుస్తకం ముందేసుకున్నాను. అంతా ఇంగ్లీషు. ఇంగ్లీషు, తెలుగు బైబిలు గ్రంథాలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో మాట పోల్చుకుంటూ భాష నేర్చినవాణ్ణి, దీనికి జంకుతానా? ఎర్ర పెన్సిలు, నిఘంటువు.

ఆరో నియమం, మొదటి వచనం: డెబ్బై అయిదు శాతం ఉంటేనే పరీక్ష.

రెండో వచనం: అరవై అయిదు దాకా ‘కండొనేషన్’. నిఘంటువులో చూశాను. తప్పును చూసీ చూడనట్టు క్షమించడం. దానికి రుసుము కూడా ఉంది. క్షమాపణకు రసీదు ఇచ్చే మతం ఇదొక్కటే.

మూడో వచనం: క్షమించకపోతే ‘డిటెన్షన్’. పరీక్షలు రాయనివ్వరు. మళ్లీ జనవరిలో, జూనియర్ల బెంచీలో, అవే పాఠాలు. ఆగస్టులో ఉద్యోగాలివ్వడానికి బెంగళూరు కంపెనీ వస్తుందని పవిత్ర ఆర్నెల్లుగా చెబుతోంది. డిటెయిన్ అయినవాళ్లను ఆ గదిలోకి రానివ్వరట.

ఎలాంటివాళ్లను క్షమిస్తారు? పేజీ అడుగున ఉంది: ‘అనారోగ్య కారణంగా’. ఎర్ర గీత గీశాను. పుస్తకం మూశాను.

పవిత్రకు ఈ మూడేళ్లలో జలుబు కూడా చేయలేదు. ఎంత ఆరోగ్యమిచ్చావు ప్రభువా.

ఏప్రిల్ 9. శనివారం. ఆరో రోజు

మా సంఘపెద్ద తిరుపాల్ వచ్చాడు. ధర్మవరంలో ఆర్ఎంపీ డాక్టరు. విషయం చెప్పాను.

“దానికేమన్నా, పచ్చకామెర్లని రాసిస్తా, నాకు తెలిసిన పెద్దాసుపత్రి డాక్టరుతో సంతకం పెట్టిస్తా” అన్నాడు.

“తిరుపాల్, నేను ప్రమాణం చేసినా.”

“రాసేది నేను, సంతకం ఆయనది. నీ నోట్లోంచి ఒక్క మాట రాదు కదన్నా.”

వెళ్లగొట్టాను. అయితే గేటు దాకా సాగనంపాను.

తర్వాత గ్రంథం తిరగేశాను. గూఢచారులను మిద్దె మీద దాచి, వచ్చిన సైనికులతో ‘వాళ్లు అప్పుడే పోయినారు’ అన్న ఆ స్త్రీ. ఊరి గోడ కూలినా ఆమె ఇల్లు కూలలేదు. మగబిడ్డలను చంపమంటే చంపకుండా, రాజుకు కథ చెప్పిన ఆ మంత్రసానులు. వాళ్లకు దీవెన దొరికింది. ఇరవై ఏళ్లుగా ఈ పేజీలు చదువుతున్నాను. ఇంత లోతుగా ఎన్నడూ చదవలేదు.

ఏప్రిల్ 10. ఆదివారం. ఏడో రోజు

ప్రసంగం ఇరవై నిమిషాలు. అంశం: మౌనం. ఊరకుండడం అబద్ధం కాదు.

నరసక్క అడిగింది, “ప్రమాణం ఎట్ల నడుస్తాండాది అయ్యగారూ?” నేను చేతులు పైకెత్తి ఆశీర్వదించాను.

ఏప్రిల్ 12. మంగళవారం. తొమ్మిదో రోజు. ధర్మవరం

బస్సులో లెక్క వేశాను. నలభై రోజుల్లో ముప్పై రోజులు నిజం చెబితే డెబ్బై అయిదు శాతం. చదువుకున్న పెద్దలు కూర్చుని రాసిన నియమం అది. అంతటి యూనివర్సిటీయే చాలన్నది. పైగా అరవై అయిదు దాకా క్షమాపణ ఉంది. అంటే పద్నాలుగు రోజులు నా చేతిలో ఉన్నాయి. ఇప్పటిదాకా నేను ఒక్కటీ వాడలేదు. మీటింగు మాట కలిపినా ఒకటే.

3.30. తిరుపాల్ క్లినిక్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. పవిత్రకు జనవరి 17 నుంచి 29 దాకా పచ్చకామెర్లు. పూర్తి విశ్రాంతి. ఉప్పు, కారం లేని పథ్యం. చదువుతుంటే నాకే దిగులేసింది.

ఒక కాగితం కాబట్టి ఒక అబద్ధంగానే రాస్తున్నాను.

ఏప్రిల్ 13. బుధవారం. పదో రోజు

పవిత్ర సంతకం పెట్టనన్నది.

“జబ్బు లేదు నాయనా నాకు. నేను పెట్టను. శ్రీరాములు మామను అందరి ముందర అన్నేసి మాటలంటివి కదా.”

“అది వేరే. ఆయన మగ్గం కోసం చేసె. మనది దేవుని పని.”

“అయితే ఆ మాటే రాసియ్యి. దేవుని పనికి తీసుకపోతిని అని.”

పిల్లలకు లోకజ్ఞానం తక్కువ. పుస్తకంలో ఉన్నది అనారోగ్యం ఒక్కటే. ఎర్ర గీత నేనే గీశాను. ఆమె సంతకం నేనే చేసి, ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ‘ప’ కింద ఆమె చుట్టే సున్న కుదరడానికి నాలుగు చిత్తు కాగితాలు పట్టాయి.

శాతం: రాయడం లేదు. మధ్యలో చూసుకుంటే మనసు చెదురుతుంది.

ఏప్రిల్ 15. శుక్రవారం. పన్నెండో రోజు. హిందూపురం

ప్రిన్సిపాల్ పిలిపించాడు. నన్నూ, పవిత్రనూ. గది బయట బెంచీ మీద శ్రీరాములు. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

“అయ్యగారూ, మీ దయ. ఆ పొద్దు మీరు అట్ల అనకపోతే నేను ఆ దొంగ కాగితమే ఇస్తాంటి. ఇంటికి పోయి చించేస్తి. మగ్గం కాడ కూర్చోబెట్టుకుంటినని ఉండేది ఉన్నట్టు రాసిస్తి. నిన్న కమిటీ ఒప్పుకునిందంట. దినేష్ పరీక్షలు రాస్తాడు.”

“అనారోగ్యం కాకపోయినా?”

“పుస్తకంలో ఉండాదంట కదా అయ్యగారూ, వేరే సరైన కారణమున్నా చాలని.”

సంచిలోంచి పుస్తకం తీశాను. పేజీ అడుగున నా ఎర్ర గీత. పేజీ తిప్పాను. వాక్యం అవతలి పేజీ తలమీద పూర్తవుతోంది: ‘లేదా తగిన ఇతర కారణంతో, తండ్రి స్వయంగా రాసి ఇచ్చినచో’.

సగం వచనం చదివాను. నేను.

లోపల ప్రిన్సిపాల్ హనుమంతప్ప సార్ బల్ల మీద నా సర్టిఫికెట్. “అందరివీ నిన్ననే తేలిపోయె. మీది ఒక్కటే పక్కన పెట్టినారు కమిటీవాళ్లు. కామెర్లు వచ్చిన పిల్ల అదే నెలలో ల్యాబ్‌కు ఎట్ల వస్తుందని ఒక మేడమ్‌కు అనుమానం. ఏమప్పా, నిజమేనా ఇది?”

నేను నోరు తెరిచేలోపల అటెండరు హాజరు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రిజిస్టరుకు అట్ట వేశారు. మంచి మందం కాగితం. అతికించేటప్పుడు తెలుపు లోపలికి పోయి అచ్చు పైకి వచ్చింది.

‘ధర్మవరం ఉజ్జీవ సభలు. జనవరి 18, 19, 20. ప్రసంగీకులు: బ్రదర్ జయరాజు. కీబోర్డు: సహోదరి పవిత్ర.’ మధ్యలో నా ఫొటో, చెయ్యి పైకెత్తి.

ఆయన అట్ట చదివాడు. సర్టిఫికెట్ చదివాడు. మళ్లీ అట్ట చదివాడు.

“కామెర్లతోనే వాయించింది సార్” అన్నాను. “స్వస్థత సభలు అవి.”

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. నాలుక మీద నేను గంటా నలభై నిమిషాలు ప్రసంగించాను.

“నాకు ఏ జబ్బూ లేదు సార్” అన్నది పవిత్ర. “నాయన సభలకు తీసుకపోయె, నేను పోతి. ఆ సంతకం నాది కాదు.”

హనుమంతప్ప సార్ సర్టిఫికెట్‌ను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. “దీన్ని ముందుకు పంపితే డాక్టరుకూ నీకూ కేసు. పంపను. అయితే అరవై ఆరు అరవై ఆరే. ఈ పిల్ల చెప్పిన మాట మొన్న నువ్వు రాసిచ్చింటే, శ్రీరాములుది పంపినట్టే పంపుతాంటి. లిస్టు పొద్దున్నే యూనివర్సిటీకి పోయె, ఇప్పుడు కొత్త లెటరు తీసుకునేకి లేదు. డిటెయిన్.”

బస్సులో పవిత్ర కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ వచ్చింది. దిగేముందు అన్నది: “దినేష్‌కు ఫోన్ చేయాల. ఆగస్టు ఇంటర్వ్యూకని నేను రాసుకున్న నోట్సు వానికి పనికొస్తుంది.”

ఏప్రిల్ 16. శనివారం

ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 17. ఆదివారం. మధ్యాహ్నం 3.00

మందిరంలో కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. పవిత్ర ఆడవాళ్ల వరుసలో, అమ్మ పక్కన.

“పాపకు ఒంట్లో బాగలేదా అయ్యగారూ?” అన్నది నరసక్క, అందరి ముందర.

ఎంత సులువైన ప్రశ్న. తల ఊపితే చాలు. పవిత్ర తలెత్తి చూసింది.

“బాగానే ఉండాది నరసక్కా. నా సభల కోసం చదువు మాన్పిస్తి. దాన్ని కప్పిపెట్టేకి దొంగ కాగితం రాయిస్తి. సంతకం కూడా దొంగదే, నేను చేసిందే. పిల్లకు ఏడాది పాయె.”

ప్రసంగం మూడు నిమిషాలు. ‘ఆమేన్’ ఎవరూ అనలేదు. సరోజమ్మ ఒక్కతే అన్నది.

భోజనాలయ్యాక ప్రమాణం మళ్లీ మొదలుపెట్టాను. నలభై రోజులు. ఈ రోజే మొదటి రోజు. ఈసారి లెక్క నా చేతిలో లేదు. పవిత్ర ఒక కొత్త నోటుబుక్కు తెచ్చి, రోజుకొకటి చొప్పున గడులు గీసి, హాజరు రిజిస్టరులా నా పేరు రాసింది. అట్ట కూడా వేసింది. మిగిలిన పోస్టరుతోనే, నా ఫొటో పైకి వచ్చేలా.

“డెబ్బై అయిదు చాలు అనొద్దు నాయనా. నీకు కండొనేషన్ లేదు.”

“సరేనమ్మా.”

పెన్ను మూత తీసి నా ముఖంలోకి చూసింది. “పొద్దున అందరి ముందర అట్ల చెప్పాల్సొచ్చె కదా. నా మీద కోపముందా?”

“లేదమ్మా, రవ్వంత కూడా లేదు” అన్నాను.

నా ముఖం ఇంకోసారి చూసింది. తర్వాత మొదటి గడిలో ‘ఆబ్సెంట్’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టమని పుస్తకం నా వైపు తిప్పింది.

పెట్టాను. నా సంతకమే.

రేపు మొదటి రోజు.