మొదటి సగాల పెట్టె విడుదల గురించి

గౌరవనీయులైన తహసీల్దారు గారికి,

అయ్యా,

విషయం: వరద శిబిరంలో అప్పగించిన పాత కుటుంబ కథా చిత్రాల సీడీల పెట్టెను, తమ సిబ్బంది చూడటం పూర్తికాకున్నా ఇప్పించుట గురించి.

1. భద్రాచలం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక రాగానే సామాను రెండు చోట్లకు సర్దడం మా గోదావరి ఒడ్డు ఇళ్ల అలవాటు. ఒకచోటిది మునిగినా రెండోది మిగులుతుంది. నేనూ పద్ధతి తప్పలేదు. ఒక్కో సినిమాకు రెండు సీడీలు గనుక, మొదటి సగాలు రేకుపెట్టెలో నాతో శిబిరానికి తెచ్చి, రెండో సగాలు దూరాన ఖానాపురం హవేలి అనే చోట ఉన్న మా చెల్లెలింటికి పంపాను. దేవుడి దయవల్ల రెండూ మునగలేదు. చిక్కు అక్కడే వచ్చింది.

2. పెట్టెను "భద్రత నిమిత్తం" తమ కార్యాలయానికి తరలించారు. వరద తీసింది, చెల్లెలింటి నుంచి రెండో సగాలు మా ఇల్లు చేరాయి, పెట్టె మాత్రం కదలలేదు. అదెంత భద్రంగా ఉన్నదంటే, రోజూ భోజనవేళ మీటింగ్ హాలు టీవీలో ఆడుతున్నది.

3. నావేనని రుజువు అడిగారు. కొన్నప్పటి బిల్లులన్నీ సమర్పించాను. సీనియర్ అసిస్టెంట్ రాజ్యశ్రీ గారు వాటిని చూడనైనా చూడక, "అక్కా, బిల్లులెవలికి గావాలె? రెండో సగాలు తెచ్చి ఈడ పెట్టున్రి. జత కుదిరితెనే మీవని రాస్త" అన్నారు. బయటికి రాగానే అటెండరు జంపయ్య, "తేకమ్మా! అవి గూడ వస్తె పెట్టె ఈ జన్మల రాదు. కోడల్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినకాడ సినిమా ఆగింది. గప్పటి సంది మేడమ్ సరిగ అన్నం తింటలేదు" అన్నాడు.

4. మా అత్తగారికి చూపు మందగించింది. ఆమె వింటారు, నేను పక్కన కూర్చొని తెర మీది బొమ్మ చెబుతాను. మా ఇద్దరికీ మాట కలిసింది ఈ సినిమాలతోనే. విడిపోయిన ఉమ్మడి కుటుంబాన్ని మూడు గంటల్లో కలపడం మరి ఏ శాఖకూ చేతకాదు. ఇప్పుడు వేధించే అత్తలంతా తమ కార్యాలయంలో, పశ్చాత్తాపపడే అత్తలంతా మా ఇంట్లో ఉన్నారు. "ఏంది హైమా, గీమె కోడలి కాళ్లెందుకు పట్టుకుంటుంది? ఏం జేసిందని?" అని అడుగుతున్నారు. చేసినవన్నీ నేను నోటితో చెబితే, "గంతేనా? గవి నేను గూడ జేసిన గదా!" అంటున్నారు. పశ్చాత్తాపం కలగవలసిన చోట కలగడం లేదు.

కావున పెట్టెను వెంటనే విడుదల చేయించగలరని ప్రార్థిస్తున్నాను. ఈ అర్జీని భోజన విరామం కాని వేళ చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(పెట్టె ఇల్లు చేరేవరకు),
హైమ

తా.క.: నిన్న తమరు కూడా వెనక కుర్చీలో కూర్చొని చూశారనీ, ఆస్తి పంపకం దగ్గర సీడీ అయిపోగానే "అన్న మల్ల ఇంటికొస్తడా?" అని గట్టిగానే అడిగారనీ తెలిసింది. దానికి జవాబు కాగితం మీద రాసే సంగతి కాదు. పెట్టెను ఆటోలో వేసుకొని తమరే రండి. అత్తగారి పక్కన కుర్చీ వేసి, మొదటి నుంచి పెడతాను. రుమాలు మాత్రం తమరే తెచ్చుకోవాలి.