ఏడు కూడా సరైనదే

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఇవాళ్టి సంగతి నీకే చెప్పాలి.

ఇవాళ నీ సంవత్సరీకం. దేవరుప్పుల నుంచి నీ తమ్ముడు వచ్చాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ముందూ నువ్వు నన్ను అడిగే లెక్కనే చుట్టాల ముందు తనూ అడిగాడు.

"ఒకటి, రెండు, నాలుగు. తర్వాత ఏంది? మా వదినె ఏడు అంటది!"

అందరూ నవ్వారు. మన కూతురు పద్మ ఊరుకోలేదు.

"ఏడు ఎట్ల తప్పు, చిన్నబాపు? ముందు ఒకటి కలిపిన్రు, తర్వాత రెండు కలిపిన్రు. ఇప్పుడు మూడు కలిపితే ఏడే గదా?"

"రెట్టింపు చేసుకుంట పోవాలె బిడ్డా. ఎనిమిదే."

"రెట్టింపే చెయ్యాలని లెక్కల ఎక్కడ చెప్పిన్రు?"

చుట్టాలు రెండు జట్లయి వాదించుకున్నారు. చివరికి నీ తమ్ముడే ఒప్పుకున్నాడు.

"ఏడు గూడ సరే. గది మా అన్నకు ఎర్కనే. నేనే చెప్పిన. 'ఊకో, దానికి చెప్పకు, జర నవ్వుకుందాం' అన్నడు."

మళ్లీ అందరూ నవ్వారు.

ఇన్నేళ్లూ నేను నిజంగానే మొద్దునని నమ్మాను. చిన్నప్పుడు పద్మ లెక్కలు అడిగితే, "మీ బాపును అడుగు" అని పంపేదాన్ని.

నీ ఫొటో ముందు మటన్ కూరతో విస్తరి పెట్టి ఉంది. దాన్ని బయట కాకికి పెట్టి, అది ముట్టేదాకా ఎవరూ తినకూడదు. నేను ఆ విస్తరి తీసుకుని, అందరూ చూస్తుండగా కూర్చుని మొత్తం తిన్నాను.

నీకు నచ్చేలా కారం ఎక్కువే వేశాను. కూర బాగా కుదిరింది.