ఏదీ తగలకూడని స్తంభం

ప్రియమైన అక్కకు,

నీ వెనకగది ఇంకా ఖాళీగానే ఉందా? ముందు అది చెప్పు. "మళ్లీ ఎవరితో పెట్టుకున్నావే?" అని నువ్వు నవ్వుతావని తెలుసు. ఈసారి పేచీ కాదక్కా, అనుమానం. పేచీ అయితే అరిచి తేల్చుకుంటాను. అనుమానాన్ని ఎవరి మీద అరవను?

మేడ మీద టెలిస్కోపుకు గది కట్టిస్తున్నానని రాశాను కదా. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక నాకంటూ కట్టుకుంటున్న మొదటి గది. రెండొందల రెట్లు పెద్దది చేసి చూపించే అద్దం వణుకును కూడా రెండొందల రెట్లు పెద్దది చేస్తుంది. నేను కాలు మార్చుకుంటే చాలు, గురుడు గంతులేస్తాడు. అందుకని టెలిస్కోపు మేడ మీద నిలబడకూడదు. భూమిలోంచి లేచిన స్తంభం మీద నిలబడాలి. ఆరడుగుల గొయ్యి తవ్వి, ఇనప చట్రం దించి, ఒకటిన్నర అడుగు మందాన కాంక్రీటు పోసి, కింది గది నేలలోంచీ పైకప్పులోంచీ పైకి తేవాలి. నేల దగ్గరా కప్పు దగ్గరా చుట్టూ రెండు వేళ్ల సందు వదలాలి. ఇల్లు ఇంటిది, స్తంభం స్తంభానిది. ఒకదానికొకటి తగలకూడదు.

ఆ కింది గదే మా ఆయన, అదే మీ మరిది, పడుకునే గది. "నీ గదిలోంచి స్తంభం వస్తుంది" అని చెప్పి, పోట్లాటకు సిద్ధమై నిలబడ్డాను. కాఫీ చల్లారితే తనను చూసుకునే ఆయాతో అరగంట వాదించే మనిషి, వెంటనే "సరే" అన్నాడు. అదే నా మొదటి అనుమానం. పైగా టేపు తెప్పించుకుని, పడుకునే కొలిచి, "మంచానికి సరిగ్గా మూడడుగుల్లో రావాలి, మేస్త్రీ. ఒక్క అంగుళం అటూ ఇటూ వద్దు" అన్నాడు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా నేల కొలిచినవాడు కదా, అలవాటు పోలేదనుకున్నాను.

ఇప్పుడు స్తంభం అయింది, టెలిస్కోపు ఎక్కింది, చూస్తే వణుకుతోంది. కాలేజీ నుంచి వచ్చి, ఆయాను పంపేసి, ఐదు నుంచి ఆరు దాకా పగటి వెలుగులోనే పరీక్షిస్తున్నాను. మిల్లు పొగగొట్టం చివరన పిడుగు పడకుండా పెట్టే ఇనప కడ్డీ ఉంది. దాని మీదికి తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. కాసేపు రాయిలా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్క ఊపు ఊగుతుంది. ఆగుతుంది. మళ్లీ ఊగుతుంది.

మేస్త్రి సిమెంటు తక్కువ వేశాడు. ఇంకేముంటుంది? రేపు వాడి సంగతి తేలుస్తాను.

నీ
పేచీకోరు చెల్లి

*

అక్కా, నా బంగారు అక్కా,

మేస్త్రి సంగతి తేలలేదు. నాదే తేలేట్టుంది.

"సిమెంటు ఎంత మింగావు?" అని నేనడిగిన పద్ధతికి వేరేవాడైతే తాపీ విసిరేసి పోయేవాడు. ఇతను రంపపు బ్లేడు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "మీరే తిప్పి చూడండమ్మా" అన్నాడు. పైన సందులో బ్లేడు దింపి స్తంభం చుట్టూ తిప్పాను. ఎక్కడా అడ్డు తగల్లేదు. కింద మోకాళ్ల మీద కూర్చుని తిప్పాను. అక్కడా లేదు. పిడికెడు ఇసక కూడా ఇరుక్కోలేదు.

"నా స్తంభం కదలదమ్మా. దాన్నెవరో కదుపుతున్నారు."

"ఎవరయ్యా? ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను పైనుంటాను. ఆయన మంచం దిగడు."

మేస్త్రి మంచం వైపు చూశాడు. మీ మరిది కిటికీ వైపు చూశాడు. మగాళ్లిద్దరు ఒకేసారి నోరు మూసుకున్నారంటే మధ్యలో ఏదో ఉందని నీకు నేను చెప్పాలా?

తొమ్మిది నెలలక్కా. సర్వే పనిలో కాలవగట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రెండు ఆపరేషన్లు. "ఎముక అతుక్కుంది, ఇక ఆయన మనసు పెట్టాలి" అని డాక్టరు ఎన్నడో చెప్పాడు. నడక నేర్పడానికి వచ్చినవాణ్ని, మొదటి వారమే నా కళ్లముందు ఒకసారి పడి, కేకలేసి తరిమేశాడు. అప్పటి నుంచి మంచం. పగలు ఆయా, మిగతా పూటలన్నీ నేను. ఒళ్లు తుడిచేది నేను, బెడ్‌పాన్ పెట్టేది నేను, తీసేది నేను. ఆడది చేస్తే ప్రేమంటారు, అదే పని మగవాడు చేస్తే త్యాగమంటారు. పోయిన నెల పత్రికలో ఇదే రాశాను. 'మంచమెక్కిన మగవాడు' అని పేరు పెట్టాను. చూసే ఉంటావు. నలభై మంది ఆడవాళ్లు ఉత్తరాలు రాశారు. మా ఆయన ఒక్కడే ఏమీ అనలేదు. చదివాడని మాత్రం తెలుసు, పేజీ మడిచి ఉంది.

ఇప్పుడు ఆలోచించు. ఆయా వెళ్లిపోయి, నేను పైకెక్కే ఆ గంటలోనే స్తంభం ఊగుతోంది. ఆ గంట ఆయన ఒంటరిగా ఉంటాడు. అంటే నడుస్తున్నాడు! లేచి, హాయిగా గదంతా పచార్లు చేసి, నా చెప్పుల చప్పుడు వినపడగానే మళ్లీ రోగి అవుతున్నాడు. నేను పాన్ కడుగుతున్నాను!

రుజువు లేకుండా మాట్లాడను. మేస్త్రి తాడుకు పూసి గీత కొట్టే నీలిపొడి ఒక డబ్బా వదిలి వెళ్లాడు. రేపు ఆయన నిద్రలో ఉండగా స్తంభానికి నేల నుంచి నా తలెత్తు దాకా పూస్తాను. చేతులు నీలంగా కనపడ్డాయా, ఎల్లుండి బండికి నీ దగ్గరుంటాను. పెట్టె సర్దేశాను. గది ఊడ్పించి ఉంచు.

మోసపోయిన
నీ చెల్లి

*

అక్కయ్యా,

నేను రాలేదని కంగారు పడి ఉంటావు. ఏం జరిగిందో వరసగా చెబుతాను. మధ్యలో నన్నేమీ అనకు.

నిన్న ఐదుకు పైకెళ్లాను. కడ్డీ ఊగింది. ఐదున్నరకు ఇంకోసారి. ఆరింటికి దిగి, గుమ్మంలోంచే "చేతులు చూపించు" అన్నాను. చూపించాడు. దుప్పటికి తుడుచుకున్నాడు గాని గోళ్ల చుట్టూ నీలం పోలేదు.

ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో నీకు తెలుసు. మొదటి మాట అనడానికి నోరు తెరుస్తూ, చెయ్యి చాపి స్తంభాన్ని చూపించాను. చూపిస్తూ నేనూ చూశాను.

గుండె ఎత్తులో ఒక చెయ్యి ముద్ర. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. చివరిది నేలకు జానెడు ఎత్తులో ఉందక్కా. నిలబడి నడిచేవాడి చెయ్యి అక్కడెందుకు పడుతుంది? నేల మీద మోచేతులు ఈడ్చిన చారలున్నాయి. స్తంభం మీద నడుమెత్తులో ఒకచోట పొడి గుండ్రంగా చెదిరిపోయి ఉంది. ఏమిటా అని వంగి చూశాను. అది చెంప. సగం లేచి, మిగతా సగానికి బలం చాలక, మొహం ఆనించుకుని ఆగాడు.

"రోజూ పడుతున్నావా?"

"రోజూ కాదు. ఆదివారాలు నువ్వు పైకి వెళ్లవుగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే? నిలబడితే వ్యాసం రాస్తావు. పడితే పుస్తకం రాస్తావు."

నాకు నవ్వు రాలేదు. ఆయనకే వచ్చింది. "నీ వ్యాసంలో మనిషి మంచం దిగడు. నేను దిగి చూపించాక నువ్వే సవరణ వేసుకుందువుగానిలే అనుకున్నాను" అన్నాడు.

"పట్టుకోవడానికి నేను లేనా?"

"నిన్ను పట్టుకుంటే నువ్వు లేపుతావు. అప్పుడు లేచేది నేను కాదు. మంచం ఊగుతుంది, కుర్చీ జారుతుంది, గోడకు పట్టు లేదు. మా సర్వేలో ఏది కొలవాలన్నా ముందు కదలని రాయి ఒకటి చూసుకుంటాం. ఈ ఇంట్లో నాకది దొరకలేదు. నువ్వు కట్టిస్తానన్నావు, సరేనన్నాను."

మేస్త్రికి తెలుసట. ఒకనాడు మరిచిపోయిన తాపీ కోసం వచ్చి, ఈయన్ని నేల మీద చూశాడట. నాకు చెప్పొద్దన్నాడట ఈయన.

ఒక సంగతి స్పష్టంగా రాస్తున్నాను. ఆ వ్యాసంలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. లోకంలో మగాళ్ల గురించి నేను రాసిందంతా నిజం. మా ఇంట్లో ఉన్న ఒక్కడి గురించి అబద్ధం. ఆ ఒక్కడి పాన్ కడుగుతూ, ఆ ఒక్కణ్ని చూడకుండా రాశాను. సవరణ వేస్తాను, కానీ ఆయన వెయ్యమన్నప్పుడే.

స్తంభానికి పట్టుకునే కడ్డీ బిగించమని మేస్త్రికి చెబుతానంటే ఒప్పుకోలేదు. ఒక్కటే అడిగాడు. "పడ్డ చప్పుడు వినపడితే పరిగెత్తుకు రాకు." నేను వాదించాను. నీకు తెలుసుగా, వాదించకుండా నాకు ఊపిరాడదు. పది నిమిషాలకు బేరం కుదిరింది. చప్పుడయ్యాక పది నిమిషాలు దిగను. పదకొండో నిమిషం ఆయన మాట చెల్లదు.

ఇవాళ పొద్దు వాలాక పైకెళ్లాను. మిల్లు కడ్డీ వదిలేసి, అప్పుడే పైకొస్తున్న గురుడి మీదికి తిప్పాను. పక్కనే నాలుగు చందమామలు, సూదితో గుచ్చినట్టు. ఐదూ కలిసి ఒక్కసారి ఊగాయి. లేస్తున్నాడు. మళ్లీ ఊగాయి. ఈ ఊపు పొడుగ్గా ఉంది. చెంప ఆనించి ఉంటాడు. ఇంకొకటి.

తర్వాత ఊపు ఆగిపోయింది.

స్తంభం నిలకడగా ఉందంటే ఆయన చెయ్యి దాని మీద లేదన్నమాట. ఇన్నాళ్లూ నేను కోరుకున్న నిలకడ ఇదే. చప్పుడు కోసం చెవి పెట్టాను. ఇప్పుడు పడతాడు, ఇప్పుడు. మెట్ల వైపు లేవబోయిన కాలిని చేత్తో అదిమి పట్టుకున్నాను.

చప్పుడు రాలేదు.

గురుడు కదల్లేదు. నేనూ కదల్లేదు.

ఆ వెనకగదిలోకి ఎవరినైనా పిలుచుకో అక్కా.

నీ
చెల్లి